మూడా, ఎనిమిదా

వెలంపేట మలుపులో నా కొట్టు.
షట్టరెత్తగానే ముందు గాజుబల్ల తుడుస్తాను.
పోర్టు నుంచి వచ్చిన నల్లదుమ్ము
రాత్రంతా దానిమీద తన లెక్కలేవో రాసుకుని పోతుంది.
ఆ తర్వాతే ఫోన్లు.

మసకొస్తోందని వచ్చేవాళ్లలో సగంమందికి
నా చొక్కా అంచే మందు.
కెమెరా కంటిమీద ఉప్పుగాలి జిడ్డు,
చెంప చెమట, ఒక్కోసారి చేప పొలుసు.
తుడిచి ఇస్తే "ఇంతేనేటి?" అంటారు.
డబ్బులడగడానికి నాకే మొహం చెల్లదు.

మిగతా సగంతోనే కష్టం.
ఎవరో తీసిన వీడియో
పదిమంది ఫోన్లు దాటి నా దగ్గరికొస్తుంది,
ఎండు కవళ్ల తట్టలాగ
చెయ్యి మారినప్పుడల్లా తూకం తగ్గుతూ.
అసలుది ఎవరి దగ్గరుందని అడుగుతాను.
ఎవరికీ తెలీదు.

ఆ మంగళవారం అర్జిల్లి ఎల్లాజీ వచ్చాడు.
తెల్లారగట్ట, యారాడ కొండకి అవతల,
అతని వలమీంచి పెద్ద బోటొకటి పోయిందట.
తొమ్మిది సెకన్ల వీడియో.
సగం ఆకాశం, సగం అతని బొటనవేలు,
మధ్యలో ఊగుతూ ఓ నీలం ముక్క,
దానిమీద తెల్లగా ఏవో అంకెలు.
"నంబరు అగుపడేలాగ సెయ్యి తమ్ముడూ,
అందరికీ సూపించాల.
ముప్పయివేల వల."

ఊగుడు ఆపాను. చీకటి తీశాను.
ఒక్కో బొమ్మా విడదీసి, ఒకదానిమీద ఒకటి పేర్చాను.
అంకెలన్నీ ఒడ్డుకొచ్చాయి, చివరిది తప్ప.
అది మూడు కావచ్చు.
ఎడమవైపు పెయింటు రాలిన ఎనిమిదీ కావచ్చు.

నాకైతే తెలీదు.
మిషన్‌కి తెలీదనడం రాదు.
బొత్తాం నొక్కాను.
నీళ్లు నునుపెక్కాయి, చెక్క చెక్కలా మెరిసింది,
చివర్న నిండుగా ఎనిమిది,
పెయింటరు ఇప్పుడే రాసి
కుంచె కడుక్కోడానికి వెళ్లినట్టు.

ఎల్లాజీ నూటయాభై ఇచ్చి
మెట్టు దిగకుండానే పోస్టు పెట్టేశాడు.
నేనూ పంచుకున్నాను,
ముందు బొమ్మ, తర్వాత బొమ్మ పక్కపక్కన పెట్టి,
కింద నా కొట్టు పేరు రాసి మరీ.

గురువారం మధ్యాహ్నం ఒకావిడ.
మైలపల్లి దానమ్మ. ఎనిమిదో నంబరు బోటు వాళ్లది.
కేకలేస్తుందనుకున్నాను.
నాలుగు మడతల కాయితం తీసి
నేను తుడిచిన గాజుమీద పరిచింది.
మరమ్మతు రసీదు, తేదీతో.
"మా బోటు పదకొండ్రోజులై గట్టుమీద కూకునుంది బాబూ,
అడుగు పలకలూడి.
నీ ఫోన్లోన ఎలాగెల్లిపోనాది సంద్రంలోకి?"

అసలు వీడియో తీసి చూపించాను.
చాలాసేపు చూసింది, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి.
"ఇందులో ఏటీ అగుపడ్డంలేదు కదా."
లేదన్నాను.
"మరలాగే సెప్పొచ్చు కదా."

నా పోస్టు తీసేశాను. ఎల్లాజీ చేతా తీయించాను.
అప్పటికే అది హార్బరు దాటింది,
భీమిలి దాటింది,
ఎవరెవరి ఫోన్లలోనో పడి లేచి
మళ్లీ నా దగ్గరికే వచ్చింది శనివారానికి.
నా నిండు ఎనిమిది
అరిగి అరిగి మళ్లీ మసకేసింది.
కింద దానమ్మ కొడుకుని తిట్టిన తిట్టు మాత్రం
ఒక్కక్షరం చెదరలేదు.

డబ్బులు వెనక్కిస్తే ఎల్లాజీ తీసుకోలేదు.
"నువ్వేటి సేస్తావులే" అని
నా మెట్టుమీదే కూచుని బీడీ కాల్చుకున్నాడు.
అతని వల చిరిగిన మాట నిజం.
చింపిందెవరో ఇప్పటికీ తేలలేదు.

ఇప్పుడెవరైనా వస్తే ముందు తుడుస్తాను.
అసలుది అడుగుతాను.
కొన్నిటికి, ఇంతకన్నా రాదమ్మా అంటాను.
పక్కవీధి కొట్టులో వస్తుందని వెళ్లిపోతారు.
వెళ్తారు. అక్కడ వస్తుంది కూడా.

షట్టరు సగం దించాక, ఒక్కో రాత్రి,
ఆ తొమ్మిది సెకన్లూ మళ్లీ పెట్టుకుంటాను.
ఏడో సెకను దగ్గర ఆపుతాను.
బొటనవేలు. ఆకాశం. నీలం ముక్క.
వదిలితే ఊగుతుంది,
ఒక కెరటానికి మూడు,
ఇంకో కెరటానికి ఎనిమిది.