బ్లాకు ఏడు

జిల్లాను విడగొట్టినప్పుడు
మా తిరుపతి వాటాకి సముద్రం వచ్చింది.

కిటికీలోంచి చూస్తే కొండలే.
సముద్రం బీరువాలో ఉంటుంది,
పసుపు అట్ట ఫైల్లో, నాలుగు మడతలేసి.

నా పని మాటలు మార్చడం.
ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో దిగిన ప్రకటనని
తీరం ఊళ్ళో చదివి వినిపించే తెలుగులోకి ఎక్కించాలి.
బ్లాకు ఏడు. నూట తొంభై చదరపు కిలోమీటర్లు.
గాలిమరలు డెబ్భై రెండు.
కౌలు ముప్పై ఐదేళ్ళు.
బండి సాఫీగానే పోయింది
సీబెడ్ అన్న మాట దాకా.
పరుపు అనలేను.
నేల అంటే పాసుపుస్తకం అడుగుతారు.
అడుగు అంటే మాడిన కుండ గుర్తొస్తుంది.
చివరికి నిఘంటువు మాటే రాశాను:
"సముద్ర గర్భము కౌలుకు ఇవ్వబడును."
సూపరింటెండెంటు గురవారెడ్డి గారు
టీ గ్లాసు దించకుండానే సంతకం పెట్టారు.

వాకాడు దాటాక జీపు ఇసకలో కూరుకుపోయింది.
చివరి కిలోమీటరు చెప్పులు చేతపట్టుకుని నడిచాం.
తుపాను షెల్టర్లో సభ,
మాకు కుర్చీలు, వాళ్ళకి పట్టలు.
గోడకి అంటించిన మ్యాపు
నాలుగుసార్లు ఊడి నా నెత్తిమీదే పడింది.
"ఈ గాలినేనా సామీ వేలంలో పాడుకునేది?"
వెనకనుంచి ఎవరో. షెల్టరంతా నవ్వింది.
నేనూ నవ్వాను, ఫైలు చాటున.

పామంజి పోలయ్య లేచి
ఏడో బ్లాకు మీద బొటనవేలు పెట్టాడు.
ఆ వేలికింద సగం మాయమైంది.
"ఇది నల్లపార. ఇరవై బార్ల లోతు.
వంజరం తిరిగే చోటు.
పులికాట్ దిక్కున మావోళ్ళు పాడు వేస్తారు, తెలుసునా?
చీటీ తీస్తే ఈ ఏడు ఈ నీళ్ళు నీవి,
వచ్చే ఏడు నావి.
ముప్పై ఐదేళ్ళు ఒకడికే చీటీ పడ్డం
మేం యాడా వినలా."

కంపెనీ కుర్రాడు మర్యాదస్తుడు.
స్తంభాల చుట్టూ నాచు పడుతుందన్నాడు,
నాచుకి చేపలొస్తాయన్నాడు.
అబద్ధం కాకపోవచ్చు.
"స్తంభానికి ఐదువందల మీటర్ల లోపల పడవ రాకూడదు, అంతే."
"నా వల తొమ్మిదొందల మీటర్లు నాయనా,
నీటివాలుకి పోతుంది.
దానికి చదువు రాదు."

అప్పుడు ఆవుల కాసమ్మ.
ఐసుపెట్టె మీదనుంచి లేవకుండానే నన్ను అడిగింది:
"గర్భం అని చదివితివే అబ్బయ్యా,
గర్భం కౌలుకిస్తే
పుట్టేది ఎవురికి?"

నా రిజిస్టరులో మూడు గళ్ళున్నాయి:
అభ్యంతరం, సూచన, ఇతరములు.

"కరెంటు పుడతాదమ్మా," అన్నాడు కుర్రాడు.
"పుట్టనీ. మేం వద్దన్లా.
రాత్రి మూడు గంటలు పోతాది మాకు,
ఐసు నీళ్ళైపోతాది.
నే అడిగింది అది గాదు."

ఆమె అడిగింది ఏదో నాకు తెలుసు.
ఏ గడిలోనూ రాయలేదు.

తిరుగుదారిలో పోలయ్య నా పక్కన నడిచాడు.
తాడుకి కట్టిన సీసపు గుండు అడుగున
కొవ్వు పూసి లోపలికి వదుల్తారట.
పైకి లాగితే దానికంటిన అడుసు వాసన చూసి
చీకట్లోనైనా ఎక్కడున్నారో చెప్పేస్తారట.
"మీరు గర్భం అంటారే, మేం దాన్ని వాసన అంటాం,"
అని క్యారీబ్యాగులో ఇంత అడుసు పెట్టిచ్చాడు,
ఊరికెళ్ళేవాడికి పచ్చడి ఇచ్చినట్టు.

పారెయ్యబుద్ధి కాలేదు.
ఇంటికి తీసుకుపోలేను.
బీరువాలో, పసుపు అట్ట ఫైలు పక్కన పెట్టి
శని, ఆదివారాలు మరిచిపోయాను.

సోమవారం పొద్దున
గురవారెడ్డి గారు బీరువా తీసి
రెండడుగులు వెనక్కి వేశారు.
"ఏందయ్యా ఈ వాసన?"

"బ్లాకు ఏడు సార్," అన్నాను.