పుట్టుమచ్చ కాదు

ప్రొవెంచర్ వీధిలో నా కొట్టు.
బయట మైనస్ ముప్పై.
తలుపు తోసుకొచ్చిన ప్రతివాళ్ళూ
కొంత చలినీ ఒక నాణేన్నీ వెంట తెస్తారు.
"మదాం ఫిల్లియోన్, ఇది టంకశాల తప్పే కదా?"
ఆ "కదా"లోనే ఉంటాయి
కట్టాల్సిన అద్దె, కొనాల్సిన కారు టైర్లు.

ఇరవై రెండేళ్ళు ఈ ఊరి టంకశాలలో
అచ్చుయంత్రం పక్కన నిలబడ్డాను.
నిమిషానికి ఏడొందల దెబ్బలు.
నా ఎడమ చెవిని అక్కడే వదిలేశాను.
కాబట్టి కథ వద్దు, నాణెం ఇలా ఇవ్వండి.

జొమార్‌కి పదకొండేళ్ళు. ముక్కు కారుతోంది.
వాడి పావు డాలరు మీద దుప్పి
సాగి సాగి మొసలైపోయింది.
"పట్టాల మీద పెట్టావా?"
"లేదు."
"గూడ్సా, పాసింజరా?"
"గూడ్సు."

వాడికి చెప్పాను, వినే వయసు కనుక:
వేలితో తడుము. గీత ఉబ్బెత్తుగా తగిలిందా,
పగిలింది నాణెం కాదు, దాన్ని అచ్చేసిన ఉక్కు.
గీత లోపలికి దిగిందా,
అది ఎవరి తాళంచెవో, ఏ చెప్పుకింది కంకరో.
అంచు కొరికినట్టుంటే సరిగ్గా ఎదుటి అంచు చూడు.
రేకు అచ్చుకి ముందే తెగి ఉంటే
అటువైపు గట్టు కూడా నీరసంగా లేస్తుంది.
గరాజులో రంపం పట్టినవాడికి
ఈ ఒక్క సంగతీ తెలియదు.
లోహం ఎక్కడికీ పోదురా,
నొక్కితే పక్కకి జరుగుతుంది,
గీరితే గట్టు కడుతుంది.
అబద్ధమాడటం దానికి రాదు.

వాడు ముక్కు తుడుచుకుని అడిగాడు:
"మరి నాదానికెంత?"
"నీకు పావు డాలరు నష్టం."

గురువారం ట్రాన్స్‌కోనా నుంచి హాల్యా వచ్చింది.
చేతితొడుగు లోపల, అరచేతి వెచ్చదనంలో
ఒక డాలరు బిళ్ళ.
పదకొండు మూలలూ పోయి గుండ్రమైపోయింది.
అంచు లోపలికి ముడుచుకుంది,
ఆమె ఆలుగడ్డ కూరి మడిచే పిండిముద్దల అంచులాగే.
అక్షరాల్లో సగం గట్టుకింద పడిపోయాయి.
నీటిపిట్ట మాత్రం ఈదుతూనే ఉంది.
వేలల్లో పలుకుతుందని ఎవరో చెప్పారట.

భూతద్దం ఎత్తనక్కర్లేదు. అయినా ఎత్తాను,
ఆమె అంతదూరం బస్సులో వచ్చింది.
"ఇది పుట్టుమచ్చ కాదమ్మా, దెబ్బమచ్చ.
బట్టలారబెట్టే యంత్రంలో
డ్రమ్ముకీ గోడకీ మధ్య సందులో పడి తిరిగింది."
"ఎన్నాళ్ళు తిరిగితే ఇలా అవుతుంది?"
"నాళ్ళు కాదు. ఏళ్ళు."

ఆమె కుర్చీ కోసం చూసింది. జరిపాను.

బోహ్దాన్‌ది రైల్వే షెడ్డులో పని.
జేబులు ఖాళీ చేసే అలవాటు ఏనాడూ లేదు.
యంత్రం టకటకమంటుంటే
బేరింగు పోయిందనేవాడట.
శనివారం శనివారం వెనక రేకు విప్పేవాడు,
ఏమీ దొరక్క, తిట్టుకుంటూ మళ్ళీ బిగించేవాడు.
అతను పోయి తొమ్మిదేళ్ళు.
టకటక పోలేదు.
మెకానిక్కుని పిలవలేదు ఆమె.
దుప్పట్లు ఆరిపోయాక కూడా
ఇంకో అరగంట తిప్పేదట.

"మొన్న మంగళవారం ఆగిపోయింది.
తలుపు తీస్తే తువ్వాళ్ళ మధ్య ఇది."

ధర చెప్పడం నా వృత్తి.
"ఒక డాలరు," అన్నాను.
"ఒకటేనా?"
"ఒకటే. అదీ బ్యాంకువాడు ఒప్పుకుంటే."

నేను చూసిన ప్రతి నాణేన్నీ చిన్న కవరులో పెట్టి
పైన పెన్సిలుతో రాస్తాను:
దెబ్బతిన్నది. లేదా, అసలు తప్పు.
పెన్సిలు పట్టుకుని
కొంతసేపు ఊరికే ఉన్నాను.
కవరు ఖాళీగానే ఇచ్చేశాను.

ఆమె లేచి, మెడపట్టీ చుట్టుకుంటూ
నా ఎడమవైపు నుంచి ఏదో అడిగింది.
వినపడలేదు.
ఇటు రమ్మని కుడి చెవి చూపించాను.

"మళ్ళీ అందులో పడేస్తే మోగుతుందా అని."

"ముందువైపు పట్టీ చిరిగిన చోట
సందు ఉంటుంది, అందులో వెయ్యి. మోగుతుంది.
కానీ ఇంకాస్త అరుగుతుంది, హాల్యా."

"అరగనీ," అంది.