ఇటుకల లెక్క

జీతం పడిన రోజు ఎవరిస్తో
బస్సు దిగి ఇంటికి రాడు.
నేరుగా ఇటుకల కొట్టుకి పోతాడు.

మా రోసారియోలో నోటు చేపలాంటిది.
పొద్దున తాజాగా మెరుస్తుంది,
సాయంత్రానికి వాసనొస్తుంది.
అందుకే మేం బ్యాంకులో దాచం, పరుపు కింద దాచం,
పెరట్లో దాస్తాం.
ఎర్రగా, వరస మీద వరస,
పైన నీలం టార్పాలిన్ కప్పి.

దొంగల భయం లేదా అంటుంది మా చెల్లెలు.
మూడొందల ఇటుకలు మోసే ఓపికున్న దొంగ దొరికితే
వాణ్ణి మేస్త్రీగా పెట్టుకుంటానన్నాను.

అప్పట్నుంచి నాకు పెసోల్లో లెక్క తెగదు.
పాల ప్యాకెట్టు రెండిటుకలు.
గ్యాసు బండ ముప్ఫై.
జులై చలిలో ఎవరిస్తో దగ్గుమందు పదకొండు,
అందులోనూ సగం సీసా మిగిల్చాడు
వచ్చే ఏటి దగ్గుకని.

మాతే ఆకు పొద్దున ఒకసారి వేస్తాను.
రుచి పోయి వేడి ఒక్కటే మిగిలేదాకా
దాని మీదే నీళ్ళు పోస్తాం.
ఎవరైనా గుమ్మం తడితే మాత్రం
గబగబా పారబోసి కొత్త ఆకు.
పరువు ఖరీదు నాలుగిటుకలు, అదీ రాస్తాను.

రొట్టెకి మా ఇంట్లో చావు లేదు, జన్మలే.
నిన్నటిది కాలుస్తాం,
మొన్నటిది పాలలో నానేస్తాం,
అటు మొన్నటిది సులేమా రోట్లో దంచుతుంది
పళ్ళు బిగించి, ఎవరి మీదో కోపం ఉన్నట్టు.

కొట్లో బియ్యం సంచి మీద ధర చీటీని
గోటితో లేపి చూశాను.
దాని కింద ఇంకోటి, దాని కిందా ఇంకోటి.
అడుగున ఉన్న ధరకి ఇవ్వవయ్యా అన్నాను.
చీటీలంటించే కుర్రాడు తలెత్తలేదు.
"నా జీతం ఇంకా ఆ అడుగు చీటీలోనే ఉందమ్మా."
ఇద్దరం నవ్వాం. సంచి కొనలేదు.

ఒక్క తప్పు చేశాను, ఒప్పుకుంటాను.
పరానా ఒడ్డున, డిసెంబరు ఎండలో,
పావుకిలో ఐస్‌క్రీం, మూడు చెంచాలు.
పద్దెనిమిది ఇటుకలు.
సులేమా పాత స్కూలు పుస్తకంలో, మా ఖర్చుల పేజీలో,
అది రాయడానికి చెయ్యి రాలేదు.
మర్నాడు చూస్తే ఎవరిస్తో అక్షరాల్లో
ఓ మూలన ఉంది:
మరమ్మతులు, పద్దెనిమిది.

ఆగస్టు చివర్లో వడగళ్ళ వాన పడింది.
పక్కింటి అన్సెల్మో వెనక గోడ కూలింది.
చీకటి పడ్డాక వచ్చి
టోపీ చేతుల్లో తిప్పుతూ గేటు దగ్గర నిలబడ్డాడు.
డబ్బు అడగలేదు.
ఇక్కడ డబ్బు అప్పిస్తే తిరిగొచ్చేది దాని నీడే,
అది ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.
"ఎనభై ఇటుకలు" అన్నాడు.

ఎవరిస్తో నా వంక చూశాడు.
నేను టార్పాలిన్ వంక చూశాను.
ఆ ఎనభై మీద సులేమా సుద్దతో
ఎప్పుడో గీసుకుంది:
ఇక్కడ కిటికీ, ఇక్కడ అద్దం,
ఇక్కడ ఎవరూ రాకూడదు.

ముందు కదిలింది ఆ పిల్లే.
టార్పాలిన్ లాగేసింది.
కంచె మీంచి చేయీ చేయీ అందిస్తుంటే
అన్సెల్మో గోడలోకి మా కిటికీ వెళ్ళిపోయింది.

శనివారం శనివారం ఐదైదు తెచ్చేవాడు,
చక్రాల బండి కీచుమంటుంటే
అన్సెల్మో వస్తున్నాడని కుక్కకి కూడా తెలిసేది.
వేరే బట్టీవి, లేత రంగువి.
చివరి శనివారం లెక్కపెట్టాను, ఎనభై ఒకటి.
ఒకటి ఎక్కువొచ్చిందన్నాను.
"వడ్డీ" అన్నాడు, టోపీ పెట్టుకుంటూ.

ఇప్పుడు సులేమా గది నాలుగు గోడలూ లేచాయి,
ఒక గోడ మధ్యలో లేత చార.
సున్నం వేద్దామంటే ఒప్పుకోదు.
తలుపు ఇంకా నూట నలభై ఇటుకల దూరంలో ఉంది.
ప్రస్తుతానికి దుప్పటి వేలాడదీశాం.
లోపలికి వెళ్ళాలంటే
ఆ దుప్పటినే తట్టమంటుంది.