వినికిడి

వారాసిగూడలో మా ఇంటికీ వాళ్ళింటికీ
ఒకటే గోడ.
నాలుగున్నర అంగుళాల ఇటుక,
పైన రెండు పూతల సున్నం.

అటువైపు స్వరూప, మొగుడు, అత్త, ఇద్దరు పిల్లలు.
సాయంత్రం దాకా మామూలు ఇల్లే.
ఇటువైపు నేను, నా ట్యూషను చాప,
పదకొండు మంది పిల్లలు, గోడకి ఆన్చిన నల్లబల్ల.

జశ్వంత్‌కి ఎనిమిదేళ్ళు. మూడో తరగతి.
ఒత్తులు రావు.
"అమ" అని రాసి నా మొహంలోకి చూస్తాడు
తప్పెంత పెద్దదో అక్కడ చదువుకోవడానికి.
ఎక్కాల్లో ఏడు దగ్గర ఆగిపోతాడు.
వాడి డైరీలో ఎర్రసిరాతో నేనే రాశాను:
శ్రద్ధ లేదు.

శ్రద్ధ లేదా!
సందు మలుపులో తిరిగే బండి ఎవరిదో
నలభై బళ్ళలో వాడికి తెలుస్తుంది.
స్టాండు ఒక్క తన్నుకి పడితే ఒక రాత్రి,
రెండు మూడుసార్లు జారితే ఇంకో రాత్రి.
చెప్పులు విడిచే చప్పుడుకీ విసిరే చప్పుడుకీ
వెంట్రుకవాసి తేడా,
దాని మీద వాడు భాష్యం చెప్పగలడు.
టిఫిన్ డబ్బా పెట్టారా, పడేశారా,
దగ్గు ఎన్నో మెట్టు మీద ఆగింది,
అన్నీ కంఠతా.
నా చాప మీద ఏడో ఎక్కం అప్పజెప్తూ
మధ్యలో ఆగేది అందుకే.
వాడి చెవి అప్పటికే సందులోకి వెళ్ళిపోయి ఉంటుంది.

చెల్లెలు మోక్షకి మూడు దాటింది.
మాటలు రాలేదు.
అంటే, వచ్చినవి పోయాయి.
రెండేళ్ళప్పుడు కాకిని "కాకా" అనేది,
నీళ్ళని "ఈలు" అనేది.
ఇప్పుడు వేలు చూపిస్తుంది.
"మా వంశంల అందరికీ ఆలస్యమే" అంటుంది నాయనమ్మ
మెట్ల మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

మంజీరా నీళ్ళలా రోజు విడిచి రోజు
గోడకి అవతల మొదలయ్యేది.
నేనేం చేశాను?
టీవీ సౌండు పెంచాను.
పది ఇరవైకి సీతాఫల్‌మండి వైపు పోయే రైలు కోసం
ఎదురు చూశాను,
అది పోయే అరనిమిషం ఏమీ వినపడదు కదా.
పొద్దున నల్లా దగ్గర
స్వరూప బిందె ఎడమచేతికి మార్చుకుంటే
"బాత్రూంలో జారిపడ్డావా?" అన్నాను,
ప్రశ్నలోనే జవాబు పెట్టి.

ఒకరోజు పెన్సిలు లాక్కున్నాడని
జశ్వంత్ పక్కవాడి జుట్టు పట్టుకున్నాడు.
పట్టుకున్న తీరు చూశాను.
గుప్పిట కొంచెం మెలితిప్పి, తల వెనక్కి వంచి,
అరవకుండా, గొంతు తగ్గించి,
"ఏందే, నోరు లేస్తుంది?"

మగపిల్లాణ్ణి పట్టుకుని "ఏందే" అన్నాడని
మిగతా పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆ రాత్రి టీవీ కట్టేశాను.
వెళ్ళి తలుపు కొట్టాను.
గొప్పేం కాదు. ఆరేళ్ళ ఆలస్యం.

ఇప్పుడు వాళ్ళు మౌలాలీలో,
స్వరూప అక్కావాళ్ళ డాబా మీద రేకుల గదిలో.
జశ్వంత్ ఇంకా పదింటికి లేచి కూచుంటాడట
రాని బండి కోసం.
చప్పుళ్ళన్నీ చదవడం వచ్చినవాడికి
చప్పుడు లేకపోవడం చదవడం రాలేదు.

మొన్న నేనుండగానే వాడి చేతిలో గాజుగ్లాసు జారింది.
వాడు వంగలేదు, కదల్లేదు,
మోచెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు
ఎవరూ లేని వైపు.
స్వరూప చీపురు తెచ్చింది.
"చెప్పులేస్కో బిడ్డా" అంది. అంతే.
చాలాసేపటికి చెయ్యి దించాడు,
పూర్తిగా కాదు.

గుమ్మంలో మోక్ష
ముక్కల మధ్య పారుతున్న నీళ్ళకేసి వేలు చూపిస్తూ
పెదాలు సాగదీసింది.
"ఈ..." అన్నదో, ఊపిరి వదిలిందో,
నాకు సరిగ్గా వినపడలేదు.

వాడు మాత్రం తల తిప్పాడు.