పదమూడో మెట్టు

తుర్కులో జనవరి.
తొమ్మిదయినా తెల్లారదు.
ఔరా నది మీద మంచు, పగిలి అతికిన పింగాణీలా.
ఆఫీసు గుమ్మంలో ఇరవై రెండు జతల తడి బూట్లు.
లోపల అందరం ఊలు మేజోళ్లతోనే నడుస్తాం,
అడుగుల చప్పుడుండదు,
ఎవరెప్పుడు వెనక నిలబడ్డారో తెలీదు.

రెండేళ్ల కిందట గోడ పడగొట్టారు.
అటు కోడు రాసేవాళ్లు, ఇటు సర్వర్లు కాసేవాళ్లు.
చెక్క గోడే, ఒక్క పూటలో పోయింది.
తలుపు మీద కొత్త పలక: డెవాప్స్.
కొత్త పైప్‌లైన్, గోడంత తెర, పచ్చ దీపాలు,
ప్రారంభానికి కేకు.
ఆ కేకు కూడా
అటువాళ్లు అటే తిన్నారు, ఇటువాళ్లు ఇటే.
కార్పెట్ మీద గోడ ఆనవాలు
లేతరంగు గీతలా మిగిలింది.
తొక్కకుండా దాటేవాళ్లం.

నిన్న రాత్రి మూడూ పదకొండుకి
తూలి (మా భాషలో గాలి అని),
చేరి నాలుగు నెలలు,
విడుదల పత్రంలోని పన్నెండు మెట్లూ
వేలు పెట్టి చదువుకుంటూ ఒక్కొక్కటే ఎక్కింది.
పన్నెండో దాని తర్వాత నేల లేదు.
ద్వీపాల ఓడల్లో సీట్లన్నీ సున్నా.
ఆరింటి దాకా ఎవరికీ తెలియలేదు.
రేవులో ఒక పాల లారీ,
డయాలిసిస్‌కి బయల్దేరిన ఒక ముసలాయన,
మైనస్ పద్దెనిమిదిలో నిలబడిపోయారు.

పదింటికి సమావేశం.
తూలి మొహంలో నెత్తురు చుక్క లేదు.
రాజీనామా ఫోన్లో రాసి పెట్టుకుంది, నా కంట పడింది.

మాకు అలవాటైన సమావేశం వేరు.
గుమ్మడికాయల దొంగ ఎవరంటే
అందరం భుజాలు తడుముకునేవాళ్లం.
ఎవరి చెయ్యి ముందు లేస్తే వాడిదే నేరం.

హెల్వి, మా పెద్ద, మార్కర్ మూత తీసింది.
బోర్డు మీద 'ఎవరు' అని రాయలేదు.
"ఆ రాత్రి ఆ కుర్చీలో, ఆ కాగితంతో
నేనే ఉంటే ఏం చేసేదాన్ని?"
అడిగి కూచుంది.
కూచుని ఊరుకుంది.
మా దేశంలో మౌనం మర్యాద.
దాని వెనక దాక్కోవడం తేలిక కూడా.
కాఫీ మెషిన్ రెండుసార్లు దగ్గింది.

అప్పుడు రాయిమో,
ముప్పైయొక్కేళ్లుగా సర్వర్లు కాస్తున్నవాడు,
పుట్టినరోజు పాటకి కూడా పెదవి కదపనివాడు,
"పదమూడోది ఉంది" అన్నాడు.
"పాత కాష్ చేత్తో తుడవాలి.
పత్రంలో ఉండదు. ఇక్కడుంది."
వేలితో కణత చూపించాడు.

"మరి రాయలేదేం?" ఎవరిదో గొంతు,
అందులో పాత కత్తి.
హెల్వి చెయ్యెత్తి ఆపింది.

"రాశాను. పదకొండేళ్ల కిందట.
ఆ వారమే ఆర్తో, నా పక్క కుర్చీ,
తన తప్పు తనే చెప్పుకున్నందుకు
పెట్టె సర్దుకున్నాడు.
ఆ రాత్రే నా వాక్యం చెరిపేశాను.
నా ఒక్కడికే తెలిసింది ఒకటుంటే
నన్ను పంపరనుకున్నాను."

తిలా పాపం తలా పిడికెడు.
నా పిడికెడు ఇది:
పరీక్షలు రాసేది నేను.
ప్రతి విడుదల రాత్రీ రాయిమో
ఇంటికెళ్లక ఎందుకు కూచునేవాడో
అడగలేదు.
ఆయనకి నిద్ర పట్టదేమో అనుకోవడం
హాయిగా ఉండేది.
నిన్న ఒక్కరాత్రే ఆయనకి జ్వరం.

మధ్యాహ్నం ఇద్దరూ ఒకే తెర ముందు.
ఆయన చెబుతుంటే తూలి స్క్రిప్టు రాసింది.
తూలి అడుగుతుంటే ఆయన మూడుసార్లు
"తెలీదు" అన్నాడు.
ఆ మాట ఆయన నోట ఇదే వినడం.
కుర్చీ చక్రం గీత మీదే ఉంది,
ఇద్దరూ చూసుకోలేదు.

ముసలాయనకి హెల్వి ఫోన్ చేసింది.
క్షమాపణతో నా కాళ్లు వెచ్చబడవు అన్నాడట.
నిజమే.

గోడ మీద తెర పచ్చగా ఉంది.
నిన్న రాత్రీ పచ్చగానే ఉంది.

తూలి ఫోన్లో ఆ ఉత్తరం
ఇంకా ఉందో లేదో తెలీదు.
రేపు అడుగుతాను.