కిటికీ గట్టు

లా మొదటి ఏడు. సొకోటోలో కరెంటు పోయిన రాత్రి.
జిరాక్సు నోట్సు మీద మైనం చుక్కలు.

రాజ్యాంగం మధ్యాహ్నమే అయిపోయింది.
అన్ని చట్టాలకీ పైనుండే చట్టమట.
ఆ మాటంటూ మల్లం సాలిసు గారు
పైనున్న ఫ్యాను వైపు చూశారు.
అదీ తిరగడం లేదు.

ఒప్పందం నాకు ముందే తెలుసు.
అమ్మ వేరుశనక్కాయల కొలత మీద
ఇంకో గుప్పెడు పోసి, సరేనా అంటుంది.
కొనేవాడు సంచి నోరు తెరుస్తాడు, అంతే.
పుస్తకానికి దీనికే నలభై పేజీలు పట్టింది.

తర్వాత దొంగతనం.
పేజీ తిప్పే చేయి ఆగింది,
ఎందుకో మణికట్టు చూసుకున్నాను.
ఆ శిక్ష పడాలంటే
సొత్తు కాపుదలలో ఉండాలి,
విలువ ఇంతకు తగ్గకూడదు,
అది కరువు కాలం కాకూడదు.
రవంత అనుమానమున్నా
ఎత్తిన కత్తి దించాలి.

నిన్న కిటికీ గట్టు మీది
నా సజ్జపిండి డబ్బా పోయింది.
గేటు దగ్గరి దన్లాదీ పనేనని హాస్టలంతా ఒకటే మాట.
వాడికి పదకొండేళ్లుంటాయేమో.
చూశానని నేను చెప్పాలట.

ఏం చూశాను?
కిటికీ తెరిచే ఉంది. డబ్బాకి మూతే సరిగా పట్టదు.
వాడి పెదవి మీద తెల్లగా ఉన్నది
పిండో, ఎడారి గాలి తెచ్చిన దుమ్మో.

కొవ్వొత్తి కొస గోటితో గిల్లి
మార్జిన్‌లో రాసుకున్నాను:
గడియ పెట్టనిది నేనే.

పరీక్షలో ఇది అడగరు.
వార్డెన్ అడుగుతుంది,
పొద్దున్నే, ఏడింటికి.