ఒక దిక్కు మాటలు

మక్తల్ బస్టాండు ఎదురుంగ
చెప్పుల దుకాణానికీ సోడా బండికీ నడుమ
నా అద్దాల డబ్బ.
లోపల ఒక ఫోను, తిరగని ఫ్యాను,
ఎర్రంకెల మీటరు.
బయట స్టూలు మీద నేనూ, నా చేతికర్రా.

పదకొండేండ్లు గా స్టూలు మీదనే
సగం సగం మాటలు ఇన్న.
కడమ సగం బొంబైల ఉండె, పూనల ఉండె,
షోలాపూర్ల ఏదో బిల్డింగు పునాది కాడ ఉండె.
నాకు దక్కిందంత
ఆఁ, ఊఁ, అయ్యో, యెహె.

భీమమ్మ కొడుకుతోని మాట్లాడ్తే
నాలుగు ఆఁలు.
మొదటిది ఇనబడ్డదని,
రెండోది ఇనబడలేదని,
మూడోది, పైసలు పంపినవా, నిజమేనా, అని.
నాలుగోది ఫోను పెట్టేసినంక.
రిసీవరు దిక్కే చూస్కుంట అన్నది.

రాయచూరు నుంచి పల్లీల రేటు ఇని
తిప్పన్న సేటు ‘అబ్బో’ అనేటోడు.
పెరిగినా అబ్బో, పడినా అబ్బో.
బయట రైతులు ఆయన మెడ చూసేటోళ్లు.
నరం లేస్తే మూటలు దించేది,
లేకుంటే బండి ఎనుకకు మలిపేది.

పొట్టి అయ్యోకు ఎవ్వలూ తలెత్తరు.
పాలు పొంగినా అదే, బస్సు పోయినా అదే.
‘యో’ కాడ గొంతు దిగబడితే మాత్రం
లైన్ల నిలబడ్డోళ్లు ఎవరి చెప్పులు వాళ్లు చూస్కునేది.
నేను మీటరు చూసేది.
మీటరుకు ఏం తెల్వది.
మాటకెంతో మూల్గుకూ అంతే,
నాలిక అంగిట్ల కొట్టిన ‘ప్చ్’కూ అంతే.
అయ్యోలకు పైసలు తీస్కున్న చేతులు ఇవి.
చిల్లర లేకుంటే చాక్లెట్ ఇచ్చిన.

ఆశప్ప పెండ్లాము కొత్తగ వచ్చినప్పుడు
అత్త అద్దానికి ముక్కు ఆనిచ్చి నిలవడె.
ఆ పిల్ల ఊఁ అన్నది. ఊఁ. ఊఁహుఁ. ఊఁ.
గోడ దిక్కు తిరిగి ఇంకో ఊఁ,
అది బెల్లం పాకమోలె సాగింది.
పద్నాలుగు రూపాయల ఊఁ.
‘ఏమన్నడే?’ అన్నది అత్త.
‘ఏం లేదు’ అన్నది పిల్ల. చెవులు ఎర్రగైనయి.

లోపల రసూల్‌బీ ‘ఉయ్ మా’ అంటే
ఎనుక నిలబడ్డ తాయమ్మ ‘ఓ యమ్మ’ అనేది.
సంగతేందో ఇద్దరిల ఒకరికే తెల్సు.

ఓ పొద్దుగూకి మేస్త్రీ ఫోను.
కుర్మన్న పైనుంచి పడ్డడు,
పెండ్లాన్ని పిలువు, మల్ల చేస్త, అని పెట్టేసిండు.
మూడు చక్రాల బండి చేత్తోని తిప్పుకుంట
కుర్వగేరి దాక మాటలు పేర్చుకున్న.
ఏం గాదక్కా, జరంత దెబ్బ, అట్లని, ఇట్లని.
గడప ముంగట నా నోట్లెకెళ్లి వచ్చింది
‘అదీ...’
బాలమ్మ చాట కింద పెట్టింది.
చెప్పులు కూడ తొడగలె.

ఫోను మోగేదాక ఒక్క మాట లేదు.
మోగినంక కూడ లేదు.
రిసీవరు రెండు చేతుల పట్టుకొని నిలవడ్డది.
పడిపోతదేమో అని నేను తలుపు తెరిచి పట్టుకున్న.
గప్పుడు ఇన్న, పదకొండేండ్లల్ల ఒక్కసారి,
ఆ దిక్కుది.
‘ఉస్స్...’

బాలమ్మ నవ్వింది. ఏడ్పు తర్వాత వచ్చింది.
‘ఆయననే’ అన్నది నాతోని,
‘గొర్లను దొడ్లె తోలి, కట్టె పక్కకు పెట్టి
కూసుంటే ఇట్లనే అంటడు.’
కాలు పోయిందని, మనిషి ఉన్నడని
మేస్త్రీ ఎనుకసిరి చెప్పిండు.
సగం ఆమెకు గప్పటికే తెల్సు.

బూతు ఎత్తేసి ఎన్నడో అయింది.
అదే డబ్బల ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముత.
మొన్న నా చెల్లె బిడ్డ ఫోను చూపిచ్చింది.
దోస్తు పంపిన పసుపుపచ్చ మొఖం,
ఒక కంటికి నీటిబొట్టు.
ఏమంటున్నదే ఇది?
‘అయ్యో అంటున్నది, మామా.’
ఏ అయ్యో? పొట్టిదా, దిగబడేదా?
ఎంత పొడుగున్నది?

ఫోను గుంజుకొని
‘యెహె!’ అన్నది పిల్ల.
గది మాత్రం సక్కగ ఇనబడ్డది.